డీటర్ గారికి నేను చూపించిన పురాతన దేవాలయం

ఒక మనిషి ఒక్క పూటలో ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో తెలుసుకోవాలంటే మీరు పెద్ద గ్రంథాలేవీ తిరగేయనక్కరలేదు. ఇది చదివితే చాలు. ఇందులో ఒక విదేశీయుడు దారి తప్పుతాడు, ఒక గుడి దొరక్కుండా పోతుంది, ఒక కాలనీ తగలబడి బూడిదవుతుంది. మూడింటికీ కారకుణ్ణి నేనే. కాలనీ తగలబడిందని కంగారు పడకండి, అందులో మనుషులెవరూ లేరు. ఎందుకు లేరో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు హైదరాబాదులో వానాకాలపు పుట్టగొడుగుల్లా మొలుస్తున్న రోజులవి. ఒక గొడుగు కింద నాకూ చోటు దొరికింది. చేవెళ్లలో పుట్టి పెరిగిన సత్తయ్యను, ఆఫీసులో కాలు పెట్టగానే సత్య అయిపోయాను. మెడలో ఐడీ కార్డు పడ్డాక దాన్ని స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు. చేవెళ్ల బస్సులో కండక్టర్ పాస్ అడిగితే అదే చూపించేవాణ్ణి. ఆయన ఓపిగ్గా, "గిది గాదు తమ్మీ, పాస్," అనేవాడు.

ట్రైనింగులో మాకు ఒక సూత్రం నూరిపోశారు. క్లయింట్ ముందు 'తెలియదు' అనకూడదు. మిగతా ట్రైనింగంతా ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను గానీ, ఈ ఒక్క ముక్క మాత్రం తాయెత్తులా కట్టుకున్నాను. ఇంట్లో మా అవ్వ "టైమెంతైందిరా" అని అడిగినా, గడియారం చూడకుండా ఏదో ఒక టైము చెప్పేవాణ్ణి.

ఒక శుక్రవారం మా మేనేజర్ మూర్తిగారు పిలిచారు.

"సత్యా, మీది చేవెళ్ల వైపే కదూ?"

"అవును సర్."

"డీటర్ గారు వచ్చారు చూశావా, జర్మనీ నుంచి. మన ప్రాజెక్టు ఉంటుందా ఊడుతుందా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆయనకు ఏ దేశం వెళ్లినా అక్కడి పాత ప్రార్థనా స్థలాలు చూసే అలవాటట. పేరున్నవి వద్దట, జనం లేని పాతది కావాలట. మొయినాబాద్ దాటాక పొలాల్లో ఏదో పాత శివాలయం ఉందని ఎవరో చెప్పారట. నీకేమైనా తెలుసా?"

నాకు తెలియదు. అంటే బొత్తిగా తెలియదని కాదు. మా మేనమామ మల్లయ్యది సురంగల్. వాళ్ల చెలక, అంటే మెట్టచేను, అవతల పాత గుడి ఒకటి ఉందనీ, దాని చుట్టూ రేగుపళ్లు బాగా కాస్తాయనీ చిన్నప్పుడు విన్నాను. గుడి ఎప్పుడూ చూడలేదు. రేగుపళ్లు మాత్రం మామ తెచ్చిపెడితే తిన్నాను.

"అదేం మాట సర్, ఆ గుడి ముందే కదా నేను పెరిగింది," అన్నాను.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. ఆ రోజు నేను ఎగిరిన ఎత్తు చూస్తే ఏ విస్తరాకైనా సిగ్గుతో చుట్టుకుపోయేది.

బయటికొచ్చి మామకు ఫోన్ కొట్టాను.

"మామా, మీ చెలక అవతల పాత గుడి ఉన్నదంటరు కదా. గాడికి ఎట్ల పోవాలె?"

"గుడికా? నువ్వా? ఏం మొక్కుకున్నవ్‌రా అల్లుడా?"

"నాకు గాదు మామా. జర్మనీ సారు వస్తుండు."

"జర్మనా? జర్మన్ సిల్వర్ గిన్నెలమ్మెటోడా?"

"గిన్నెలు గాదు మామా, కంపెనీ సారు. తొవ్వ చెప్పరాదు."

"మొయినాబాద్ దాటినంక చేవెళ్ల తొవ్వ పట్టుకొని జర దూరం రా. కుడిదిక్కు కమాను కనబడ్తది. కమాన్ల నుంచి సీదా లోపలికొస్తె గుడే. నేను గా కమాను కాడనే నిలబడ్త."

"ఏ కమాను మామా?"

"అరె, గా తొవ్వల ఉన్నదే ఒక్క కమాను. చిన్నపోరడు సుత గుర్తుపడ్తడు."

మామ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆయన ఊరు దాటి ఆ వైపు రోడ్డు మీదికి వచ్చి చాలా రోజులైంది. ఈలోపు సాఫ్ట్‌వేర్ బూమ్ గండిపేట దాటి, మొయినాబాద్ దాటి, చెలకల్లోకి దిగిపోయింది.

మర్నాడు పొద్దున కంపెనీ కారులో బయలుదేరాం. ముందు సీట్లో డ్రైవరు, వెనక నేనూ డీటర్ గారూ. ఆయన తాటిచెట్టంత మనిషి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా గుడి మర్యాదలు నేర్పించాను. చెప్పులు విడవాలి, ప్రదక్షిణ చేయాలి, తీర్థం కుడి అరచేతిలో పోయించుకుని తాగి, ఆ తడి చెయ్యి తలకు రాసుకోవాలి. ఆయన బడిపిల్లాడిలా ప్రతి మాటా మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు.

"గుడి ఎంత పాతది?" అని అడిగాడు.

"వెయ్యేళ్లు."

"నిన్న ఎనిమిది వందలన్నారు."

"కట్టడానికే రెండు వందలు పట్టింది," అన్నాను.

గండిపేట చెరువు కనబడ్డప్పుడు ఆయన జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. లోపల పొట్టి కొవ్వొత్తి ఒకటి ఉంది.

"నా భార్య హెల్గాకు వచ్చే వారం గుండె ఆపరేషన్. నన్ను ప్రయాణం మానుకోవద్దంది. ఎక్కడికి వెళ్తే అక్కడ పాత చోట ఒక దీపం పెట్టి రమ్మంది. కొత్తది వద్దు, ఎన్నో తరాల మనుషులు తమ కష్టాలు చెప్పుకున్న చోటు కావాలి," అన్నాడు.

అప్పుడైనా నేను నోరు తెరిచి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "మా గుడి అలాంటిదే సర్," అని ఆయన చెయ్యి నొక్కాను.

మొయినాబాద్ దాటాం. కమాను కనబడింది. ఆ వెంటనే ఇంకో కమాను. తర్వాత ఏనుగులున్న కమాను, సింహాలున్న కమాను, ఏ జంతువో చెక్కినవాడికే తెలియని కమాను. మామకు ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, "ఏ కమాను సార్?" అన్నాడు. నాకేం తెలుసు? అయినా తెలియదన్న మాట మా కంపెనీ పాలసీకి విరుద్ధం కదా. ఉన్నవాటిలో అన్నిటికంటే ఘనమైనదాన్ని వెతికాను. అల్లంత దూరాన అంతస్తుల మీద అంతస్తులుగా గోపురం లేచింది. నిండా దేవతలు. ఇంత గోపురం పెట్టుకుని గుడి కాకపోతే మరేమవుతుంది?

"అదే, తిప్పు," అన్నాను.

లోపల ఎర్రమట్టి రోడ్లు, గాలికి రెపరెపలాడే రంగు రంగు జెండాలు, వరసగా పాతిన తెల్లరాళ్లు. ఒక్కో రాయి మీద ఒక నంబరు.

"ఈ రాళ్లేమిటి?" అన్నాడు డీటర్ గారు.

"మొక్కుబడి రాళ్లు. కోరిక తీరినవాళ్లు వచ్చి పాతుతారు."

"చాలామందికి తీరినట్టున్నాయి."

"చాలా శక్తివంతమైన దేవుడు," అన్నాను. గుడి లేదు, దేవుడు లేడు, స్థలపురాణం మాత్రం సిద్ధం.

ఎదురుగా మండపం. చుట్టూ చెక్కడాల స్తంభాలు, ముందు నంది. డీటర్ గారు భక్తిగా బూట్లు విప్పి, ఒక స్తంభాన్ని వేలితో తట్టాడు. డొల్లగా, ఖాళీ నీళ్ల డ్రమ్ము తట్టినట్టు మోగింది. ఆయన నా వైపు చూశాడు.

"సంగీత స్తంభాలు," అన్నాను.

మళ్లీ తట్టి, చెవి ఆనించి విన్నాడు. చెవి తీసేసరికి దానికి బూడిదరంగు అంటుకుని ఉంది.

"విభూతి," అన్నాను.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ అనుమానం మొదలైంది. మా తాతల కాలం నాటి గుడి నుంచి కొత్త పెయింటు వాసన ఎందుకొస్తోంది? నందికి వెనక 'ఇక్కడ ఎత్తవలెను' అని బాణం గుర్తు ఎందుకుంది? జీర్ణోద్ధరణ చేసి ఉంటారని సర్ది చెప్పుకున్నాను. అంతలో లోపల్నించి టై కట్టుకున్న కుర్రాడొకడు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. పూజారికి టై ఎందుకా అని నేను ఆలోచించేలోపే అతను నా భుజమ్మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

"అన్నా, నా పేరు శ్రీకాంత్. పార్టీ ఏడికెల్లి?"

"జర్మనీ."

అతని కళ్లు దీపావళి చిచ్చుబుడ్లలా వెలిగాయి. "సొంతానికా, ఇన్వెస్ట్‌మెంటుకా?"

నేను తలెత్తి గోపురాన్ని ఇంకోసారి చూశాను.

"గిది గుడి గాదా అన్నా?" అన్నాను నెమ్మదిగా.

"గుడి ఉన్నదన్నా. ఫేజ్ టూల వస్తది, క్లబ్ హౌస్ పక్కపొంటి."

ఇప్పుడు చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్లు? 'క్షమించండి, పొరబడ్డాం' అని కారెక్కేవాళ్లు. మీకు బుద్ధి ఉంది కాబట్టి. నేను మాత్రం, మూర్తిగారి ముఖం, ప్రాజెక్టు ముఖం, మెడలో ఐడీ కార్డు మీది నా ముఖం, ఈ మూడూ కళ్ల ముందు తిరుగుతుంటే, "సారు జర చూసి పోతడన్నా," అన్నాను.

శ్రీకాంత్ కాగితం గ్లాసుల్లో నారింజరంగు కూల్‌డ్రింకు తెచ్చాడు. డీటర్ గారు నా వైపు చూసి, "తీర్థమా?" అన్నాడు. నేను తల ఊపానో అడ్డంగా ఆడించానో నాకే తెలియదు. ఆయన గ్లాసులోది కుడి అరచేతిలో ఒంపుకుని, కళ్లు మూసుకుని జుర్రి, ఆ జిగట చెయ్యి శ్రద్ధగా తలకు రాసుకున్నాడు. ఆయన తెల్ల జుట్టు జొన్న కంకిలా లేచి నిలబడింది.

"అన్నా, ఆళ్ల దేశంల గిట్లనే తాగుతరా?" అని అడిగాడు శ్రీకాంత్.

"మరి. చలిదేశం గదా," అన్నాను. చలికీ దానికీ సంబంధమేమిటో ఇప్పటికీ తేలలేదు.

లోపలి గదిలో పెద్ద బల్ల. దాని మీద ఆ ప్లాట్ల వెంచర్ మొత్తం నమూనాగా చేసి పెట్టారు. తెల్లని థర్మకోల్ ఇళ్లు, ఆకుపచ్చ స్పాంజి చెట్లు, నీలంరంగు ఈతకొలను, చీమలంత కార్లు. చుట్టూ బంతిపూల దండ. డీటర్ గారు చేతులు జోడించి నిలబడిపోయాడు.

"ఇదేమిటి?"

"స్వర్గలోకం," అన్నాను. ఇంక నోటికి వెనక్కి తిరిగే దారి లేదు.

"స్వర్గంలో కార్లున్నాయే."

"పుణ్యం ఎక్కువ చేసుకున్నవాళ్లవి."

శ్రీకాంత్ కర్ర పట్టుకుని మొదలుపెట్టాడు. "గిది ఈశాన్యం బిట్టు సార్. తూర్పు ఫేసింగు. గిసొంటివి ఇంక రెండే మిగిలినయి. రేపటికి ఉంటయో ఉండయో."

"పూజారి ఏమంటున్నారు?" అన్నాడు డీటర్ గారు.

"స్వర్గంలో చోటు చాలా తక్కువ మిగిలిందంటున్నారు."

ఆయన ముఖం దిగాలుపడింది. బల్ల చుట్టూ మెల్లగా ప్రదక్షిణ చేశాడు. క్లబ్ హౌస్ దగ్గర ఆగాడు. జేబులోంచి రుమాలు తీశాడు.  కొవ్వొత్తి ఈతకొలను ఒడ్డున నిలబెట్టి, వెలిగించి, "హెల్గా" అన్నాడు, తనకు మాత్రమే వినబడేలా.

 నేను మెడలోని ఐడీ కార్డును తిప్పి, నా ఫోటో కనబడకుండా బోర్లా వేసుకున్నాను.

"అన్నా, గిదేంది?" అన్నాడు శ్రీకాంత్ బెదురుగా.

"ప్లాటు నచ్చితే ఆళ్లు గిట్లనే..." అని ఇంకా పూర్తి చేయలేదు, మూలనున్న ఫ్యాను మెడ తిప్పుకుంటూ మా వైపు వచ్చింది. కొవ్వొత్తి మంట ఒకసారి వంగి పక్కనున్న స్పాంజి చెట్టును పలకరించింది. చెట్టు ఇంటిని పలకరించింది. ఇల్లు వీధిని పలకరించింది. చూస్తుండగానే ఫేజ్ టూ మొత్తం చిటచిటలాడుతూ నల్లగా ముడుచుకుపోయింది. రాబోయే గుడి కూడా అందులోనే పోయింది.

శ్రీకాంత్ టై వెనక్కి వేసుకుని, చేతికందిన కూల్‌డ్రింకు సీసాలు తీసి మంట మీద కుమ్మరించడం మొదలుపెట్టాడు. డీటర్ గారు కాసేపు చూసి, "అభిషేకమా?" అని నన్నడిగి, తన గ్లాసులో మిగిలింది కూడా భక్తిగా పోశాడు. డ్రైవర్ బకెట్‌తో నీళ్లు తెచ్చేసరికి మంట ఆరింది. గది నిండా పొగ, కాలిన ప్లాస్టిక్ కంపు, ఆ కంపు మీద తేలుతున్న నారింజపండు వాసన.

సరిగ్గా ఆ పొగలోంచి మా మామ ప్రత్యక్షమయ్యాడు. చేతిలో మోపెడ్ తాళం, ముఖంలో నన్ను తన్నాలా వద్దా అన్న సందేహం.

"ఏంరా అల్లుడా, నేను కమాను కాడ నిలబడి చెయ్యెత్తిన. నువ్వు కారులకెల్లి నాకు చెయ్యూపుకుంట పోతివి. మోపెడ్ మీద తొవ్వపొంటి నీ కారును ఎతుక్కుంట వస్తి. గుడి గాడుంటె గీ ప్లాట్లమ్మెటోళ్ల ఆఫీసుల నీకేం పని?"

దారిలో తుండు తలకు చుట్టుకున్న ఎవరో ముసలాయన చెయ్యెత్తిన మాట నిజమే. విదేశీయుణ్ణి చూసి ముచ్చటపడుతున్నాడనుకుని నేను మంత్రిగారిలా చెయ్యూపిన మాటా నిజమే.

మామ మాటల్లో 'ప్లాటు', 'ఆఫీసు' అన్న రెండు ముక్కలు డీటర్ గారికి అర్థమయ్యాయి. నెమ్మదిగా నా వైపు తిరిగాడు. జుట్టు ఇంకా నిటారుగానే ఉంది.

"సంగీత స్తంభాలు?" అన్నాడు.

"ఫైబర్ సర్."

"విభూతి?"

"పెయింట్."

"స్వర్గం?"

బల్ల వైపు చూశాను. "కాలిపోయింది సర్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాలిన బల్ల మీద కరిగి ముద్దయిన మైనాన్ని చూస్తూ, "నా దగ్గర ఇంకో కొవ్వొత్తి లేదు," అన్నాడు. అంత పెద్ద మనిషి, ఆ మాటన్నప్పుడు చాలా చిన్నగా కనిపించాడు. ఏ కమానులోంచైనా సరే, భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది నాకు.

"సారు ఏమంటుండు?" అన్నాడు మామ.

చెప్పాను. హెల్గా సంగతి, ఆపరేషన్ సంగతి, దీపం సంగతి, అంతా. మామ మోపెడ్ తాళం బొడ్లో దోపుకున్నాడు.

"దీపానికి కొవ్వొత్తి ఎందుకురా? పొద్దుగాలనే పొయ్యి గుడి ఊడ్చిన. నూనె ఉన్నది, ప్రమిద ఉన్నది. ఆడిబిడ్డకు బాగలేదంటే జల్ది తోల్కరావద్దా? నడువుండ్రి."

శ్రీకాంత్ వైపు తిరిగి నేను చేతులు జోడించాను. అతను నల్లబడిన టై చూసుకుంటూ, "పోనీయన్నా. లేఅవుట్ మారింది, గా మోడల్ ఎట్లైనా తీసేసుడే. జర కాలవెట్టే పని నువ్వు తప్పించినవ్," అని నాకూ డీటర్ గారికీ తలా ఒక విజిటింగ్ కార్డు ఇచ్చాడు. దేవుడు కరుణించకపోయినా ఏజెంటు కరుణించాడు.

అసలు కమాను మా కారు దాటి వచ్చిన మొట్టమొదటిదే. సున్నం రాలిపోయి, మెడ వంచుకుని, ఏ జంతువూ లేకుండా నిలబడి ఉంది. అందుకే నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. లోపల జొన్నచేను పక్కన నల్లరాతి గుడి. నడుం వంచితే తప్ప దూరలేని ద్వారం, చెవులు విరిగిన నంది, చుట్టూ నేను తిన్న రేగుపళ్ల పొదలు.

"ఎవరు కట్టించారు?" అన్నాడు డీటర్ గారు, నన్ను చూడకుండా.

"తెలియదు సర్."

ఆకాశం విరిగి పడలేదు. ఉద్యోగమూ ఊడలేదు.

మామ పై తుండు అంచు చింపి వత్తి చేసి, ప్రమిదలో పెట్టి డీటర్ గారి చేతికిచ్చాడు. "నీ పెండ్లాం పేరు చెప్పుకొని ముట్టియ్యి సారూ," అన్నాడు తెలుగులోనే. నేను అనువదించబోయాను. అక్కరలేకపోయింది. ఆయన నేల మీద కూర్చుని దీపం వెలిగించి తన భాషలో ఏదో చెప్పుకున్నాడు. మామ కూడా పక్కన గొంతుక్కూర్చుని ఏదో గొణిగాడు. ఒకరిది జర్మన్, ఒకరిది సురంగల్ తెలుగు. లోపలున్న దేవుడికి రెండూ తెలిసే ఉంటాయి.

కొన్ని వారాల తర్వాత మూర్తిగారు మళ్లీ పిలిచారు. ప్రాజెక్టు ఊడిందనే అనుకుని ఐడీ కార్డు ముందే తీసి చేత్తో పట్టుకుని వెళ్లాను.

"డీటర్ గారు ఫోన్ చేశారు. ఆయన భార్య ఆపరేషన్ బాగా జరిగిందట. ఇద్దరూ కలిసి మొక్కు తీర్చుకోవడానికి వస్తున్నారు. నువ్వే తీసుకెళ్లాలట."

నా ప్రాణం లేచొచ్చింది. "తప్పకుండా సర్. మా మామకు ఇప్పుడే చెప్తాను."

"మామకే కాదయ్యా, ఇంకెవరో శ్రీకాంత్ అట, అతనికి కూడా చెప్పాలట. అక్కడా ఒకటి వెలిగించారటగా. ఏ దీపం పనిచేసిందో తెలియదు కాబట్టి రెండు చోట్లా మొక్కు తీర్చాల్సిందేనని ఆవిడ పట్టుబట్టిందట. గుండె విషయంలో రిస్కు తీసుకోనందట." ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఇంతకీ ఈ నారింజ తీర్థం ఏమిటి సత్యా? ఆవిడకు అది కూడా కావాలట."

శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "రమ్మనన్నా, మనోళ్లే గదా. గని దీపం మాత్రం బయట నంది కాడ పెట్టుమను," అన్నాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, చెవుల్లేని నంది సాక్షిగా, చెవులున్న ఫైబర్ నంది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తెలియని తోవ తెలుసనను. ఎవరికీ స్వర్గం చూపించను. గోపురం మేఘాలను తాకుతున్నా సరే, లోపల రిసెప్షన్ లేదని కళ్లారా చూసుకున్నాకే చెప్పులు విడుస్తాను.